తిత్తికి పూసిన నూనె

సెలవు పెట్టి అనంతపురం వైపు పోతున్నానంటే మా ఆఫీసులో ఒక్కరూ నమ్మలేదు. "ఎండలింకా తగ్గలేదు మేడమ్, అక్కడ చూడ్డానికేముంది?" అన్నారు. నేను చూడాల్సింది ఒక్కటే. నీళ్ళు మోసే పాత మేకతోలు సంచి. దాన్ని తిత్తి అంటారు. అది పాతదో కాదో నలుగురి ముందు చెప్పి వచ్చేయడం నా పని. చెప్పాను, వచ్చేశాను. వచ్చిన దగ్గర్నుంచీ ఎవరి మీదో తెలియని కోపంగా ఉంది. అందుకే రాస్తున్నాను. ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు మార్చాను.

నా ఉద్యోగం సంగతి కాస్త చెప్పాలి. పాత కాగితాలు, తోలు అట్టలు, తోలు సామాన్లు హైదరాబాదులో మా ల్యాబుకు వస్తాయి. కాగితం గుడ్డపేలికలతో చేసిందా గడ్డితో చేసిందా, తోలు మేకదా గొర్రెదా, ఏ చెట్టు బెరడుతో పదును చేశారు, పైన ఏం పూశారు, ఇవన్నీ తేల్చి చెబుతాం. పెళ్ళిళ్ళలో ఎవరైనా "మీరేం చేస్తుంటారండీ?" అంటే "చచ్చిన మేకలకు పోస్టుమార్టం" అని చెప్పి పక్కకు తప్పుకుంటాను.

మా అటెండరు ఖాజా ఒకరోజు అగ్గిపెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. లోపల నల్లటి తోలు పెచ్చులు. వాళ్ళ మేనమామ దస్తగిరి ఒక ఊళ్ళో పీర్ల చావిడికి ముజావరు. పీర్లను కడిగి, అలంకరించి, పీర్ల పండగకు ఎత్తే హక్కు తరతరాలుగా ఆ ఇంటిదే. ఆ చావిడిలో పీర్లతో పాటు ఒక తిత్తి కూడా ఉంది. ఒకప్పుడు ఎర్రగా, మెత్తగా ఉండేదట. వరసగా కరువొచ్చిన ఏళ్ళలో నల్లబడి చెక్కలా బిగుసుకుపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే బెంగుళూరు నుంచి పాత సామాన్లు కొనేవాడొకడు వచ్చి దస్తగిరి ఇంట్లో టీ తాగి పోయాడు. ఇంకేముంది! అసలు తిత్తిని అమ్ముకుని దొంగ తిత్తిని వేలాడదీశాడని ఊరు అనడం మొదలుపెట్టింది. ఈ పండగ లోపల సంగతి తేలకపోతే చావిడి తాళం తీసుకుంటామన్నారు.

"మామ అన్నం మానేసినాడు మేడమ్. దొంగ అనిపించుకోని బతకనంటాడు," అన్నాడు ఖాజా. ఎప్పుడూ నవ్వుతూ ఫైళ్ళు మోసే మనిషి, ఆ రోజు తల ఎత్తలేదు.

పెచ్చుల్ని చూశాను. రోమాల గుంటలు వరసలు తీరి ఉన్నాయి, మేకతోలే. ఇనుప ఉప్పు నీళ్ళు ఒక చుక్క వేస్తే ఆకుపచ్చ కలిసిన నలుపు తిరిగింది. తంగేడు చెక్కతో పదును చేస్తే అలాగే తిరుగుతుంది. తర్వాత నూనెలు. తోలులో నూనెలు గోడకు వేసిన సున్నంలా పొరలు పొరలుగా ఉండవు, ఒకదాంట్లోకి ఒకటి దిగుతాయి. అయినా లోతుకు పోయేకొద్దీ ఆముదమే మిగిలింది. దాంట్లో ఉండే ఒక ఆమ్లం మన వంటనూనెల్లో దొరకదు కాబట్టి ఇట్టే పట్టుబడుతుంది. దాని పైన వేరుశనగ నూనె. ఆ పైన పామాయిలు. అన్నిటికంటే పైన నల్లగా, జింకుతో సహా, ఇంజన్ ఆయిలు! బండ్లలో వాడి పారబోసే మడ్డి ఆయిలు. పూజ చేసే వస్తువుకు ఎవడు పూశాడు ఈ దరిద్రాన్ని అని నా పాటికి నేను తిట్టుకున్నాను.

అగ్గిపెట్టెలో పెచ్చులు ఎవరైనా పెట్టి తేవచ్చు. అవి ఆ తిత్తివేనని నా కంటితో చూసుకోవాలి. అందుకే ప్రయాణం.

గుత్తి

రైలు దిగేసరికి తెల్లవారింది. కోట కొండ ఊరి నెత్తిన కూర్చుని ఉంది. మోకాళ్ళ నొప్పులు ఉన్నదాన్ని, కింద నుంచే దండం పెట్టాను. పైన అంత రాతి మీద బావులు తవ్వించుకున్నారని పక్క బెంచీ మీద ఉన్న పెద్దాయన చెప్పాడు. "ఆ కాలంలో రాజులకు కూడా నీళ్ళ గోలేనమ్మా," అన్నాడు. ఆయన బిందె ఖాళీగా కాళ్ళ దగ్గర పెట్టుకుని ఉన్నాడు. ట్యాంకరు కోసమట.

హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. బొరుగుల్ని, అంటే మరమరాల్ని, నీళ్ళలో తడిపి, నీరు పిండేసి, పసుపూ పుట్నాలపొడీ వేసి తాలింపు పెడతారు. మావైపు, కృష్ణా కాలవ గట్టున పుట్టినదాన్ని, మాకు బొరుగులంటే తిరనాళ్ళలో పొట్లం కట్టి ఇచ్చే చిరుతిండి. దాన్ని పొద్దున్నే టిఫిను కింద తినొచ్చని ఈ వయసులో తెలిసింది. బాగుంది. ముప్ఫై రూపాయలు. గ్లాసులో నీళ్ళు సగానికే పోశాడు. నిండుగా పొయ్యమన్నాను. కుర్రవాడు కాదు, యజమానే, నా మొహం చూసి "తాగినంక మళ్ళా పోస్తా లేమ్మా, యాడికి పోతాయి," అన్నాడు. నేను తాగకుండా వదిలేస్తానని అనుమానం. నిజానికి మా ఇంట్లో నేను వదిలేసే రకమే.

వజ్రకరూరు

బస్సు కుదుపులకు నా సంచిలోని చేతి మైక్రోస్కోపు ఏమైందోనని భయం పట్టుకుంది. వజ్రకరూరులో బస్సు ఆగినప్పుడు టీ బంకు దగ్గర దిగి, దాన్ని తీసి దీపం వెలిగించి చూశాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని.

అంతకు ముందురోజు నాలుగు చినుకులు పడ్డాయట. చినుకులు పడితే ఆ చుట్టుపక్కల చేలల్లో వజ్రాలు తేలతాయని జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చి నేల చూసుకుంటూ తిరుగుతారు. నా చేతిలో దీపం ఉన్న అద్దం కనపడగానే చుట్టూ చేరారు.

"ఏమక్కా, వజ్రాలు చూసే మిషనా?"

"కాదు నాయనా, తోలు చూసేది."

"తోలు చూసేదానికి రాయి కనపడదా?" అని ఒకాయన లుంగీ కొంగు ముడి విప్పి రాయి తీశాడు. పేరు అడగలేదు. బళ్ళారి వైపు నుంచి వచ్చాడట. భార్య నగలు కుదువపెట్టి బోరు వేయిస్తే పడలేదని, ఈ రాయి అయినా తగిలితే చాలని, అడక్కుండానే చెప్పేశాడు. చూశాను. పలుగురాయి. అదే చెప్పాను. ఇంకొకాయన తన రాయి ఇచ్చాడు. అదీ పలుగే. మూడో మనిషి రాయి చేతిలోనే పెట్టుకుని వెనక్కి తగ్గాడు. "వద్దులే అక్కా, నువ్వు చూస్తే అన్నీ పలుగులే అయితాయి," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. టీ సగం వదిలేసి బస్సెక్కాను.

ఊరు

ఉరవకొండ దాటి, కళ్యాణదుర్గం రోడ్డు మీద ఒకచోట దింపారు. అక్కడి నుంచి మల్లేశు ఆటో. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, గలగలా మాట్లాడే మనిషి. నేను ఎందుకు వచ్చానో అతనికి ముందే తెలుసు. ఊరందరికీ తెలుసట.

"దస్తగిరన్న మంచోడే మేడమ్. కానీ తిత్తి చూస్తే అట్ల ఉండాది. ఏమని నమ్మల్ల?" అన్నాడు.

దారికి అటూ ఇటూ దున్ని పెట్టిన ఎర్రనేల. చెనక్కాయ, అదే వేరుశనగ, విత్తడానికి వాన కోసం కాచుకుని ఉన్నారు. మావైపు నేల నల్లగా, ఎప్పుడు చూసినా కాస్త చెమ్మగా ఉంటుంది. ఇక్కడ నేల మీద నడిస్తే చెప్పుల కింద నలిగి పొడి అవుతుంది. కంటికి ఆనే దూరమంతా అదే. గొర్రెల మంద ఒకటి మోడు కంపల్ని వాసన చూస్తూ పోతోంది. నాకు మనసు దిగులుగా అయిపోయింది, ఏ కారణమూ చెప్పలేను.

ఊరి మొదట్లో గంగమ్మ హోటలు. హోటలంటే ఒక రేకుల పంచ, ఒక పొయ్యి, బజ్జీల బాణలి. ఆమె నన్ను నిలబెట్టి మరీ రెండు బజ్జీలు పెట్టింది, డబ్బులు తీసుకోలేదు. "తిత్తి సంగతి తేల్చనీకి వచ్చినావంట కదమ్మా. తేల్చు. వాళ్ళింట్లో ఏడ్పులు వినలేకుండా ఉండాము," అంది. బజ్జీ కరకరలాడుతోంది గానీ నూనె బాగా మరిగి మరిగి ఉంది. రోజంతా గొంతులో నిలిచింది.

దస్తగిరి ఇల్లు చావిడికి ఆనుకునే ఉంది. అరవై దాటిన మనిషి, పొడుగు, భుజాలు వంగిపోయి ఉన్నాయి. దూది ఏకి పరుపులు కుట్టడం వాళ్ళ కులవృత్తి. ఫోము పరుపులొచ్చాక అది పోయింది. నాలుగు మేకలు మేపుకుంటున్నాడు. భార్య ఉసేనమ్మ నా చేతికి నీళ్ళ చెంబు ఇచ్చింది. నేను అలవాటు కొద్దీ కాళ్ళు కడుక్కుని, మొహం కడుక్కుని, పుక్కిలించి, మిగిలింది వాకిట్లోకి పారబోశాను. మరుసటి పూట ఆమె చెంబుతో పాటు ఒక తొట్టి కూడా నా ముందు పెట్టింది. కాళ్ళు కడిగిన నీళ్ళు మేకలకట. నాకు తల కొట్టేసినట్టయింది.

మధ్యాహ్నం రాగిసంగటి, చెనక్కాయ చట్నీ పెట్టారు. దస్తగిరి విస్తరి ముందు కూర్చుని సంగటిని వేళ్ళతో ఒత్తుతూ ఉండిపోయాడు. "తినప్పా, ఆయమ్మ వచ్చింది కదా, ఇంక బయమేముంది," అని ఉసేనమ్మ బతిమాలుతుంటే నాకే ముద్ద దిగలేదు.

చావిడి

తిత్తిని చావిడి దూలానికి తెల్లగుడ్డ చుట్టి వేలాడదీశారు. దస్తగిరి స్నానం చేసి వచ్చి, దాన్ని దించి, చాప మీద పెట్టి, తాను నేల మీద కూర్చున్నాడు. దాని కథ ఆయనే చెప్పాడు. పీర్లను ఆ ఊళ్ళో సాములంటారు.

"సాములంతా దప్పికతో ఉంటే ఒక సామి తిత్తి ఎత్తుకోని ఏటికి పోయినాడు. తిత్తి నింపుకోని వస్తాంటే బాణాలేసినారు. చేతులు పోయినాయి. తిత్తిని పండ్లతో కరుచుకోని వచ్చినాడు. ఆఖరికి తిత్తికే తగిలింది బాణం. నీళ్ళన్నీ ఇసకలో పోయినాయి." తిత్తి మీద చెయ్యి వేసి, "మా ఊర్లో ఆ కత చెప్పనవసరం లేదు మేడమ్. దప్పిక అందరికీ తెలుసు," అన్నాడు.

పండగ ఆఖరిరోజు ఈ తిత్తిలో నీళ్ళు పోసి వీధులన్నీ తిప్పేవారట. కారిన చుక్కల్ని హిందువులూ ముస్లిములూ అందరూ దోసిలి పట్టి చేనులో చల్లుకునేవారు. బిగుసుకుపోయాక నీళ్ళు పోయడం మానేశారు. ఉత్తి తిత్తినే తిప్పుతున్నారు.

చూడ్డానికి గంటకు పైగా పట్టింది. మెడ దగ్గర కుట్టు కింద, గుడ్డ రాసుకుని నూనె తగలని చోట, తోలు ఇంకా ఎర్రగా ఉంది. అంత మంచి పని. రోమాల గుంటలు నా ఫోటోలతో సరిపోయాయి. పెచ్చులు ఊడిన చోట్లు దొరికాయి, ఒక పెచ్చు అంచు చక్కగా కూర్చుంది. తంగేడు పరీక్ష అక్కడే చేశాను. సందేహమే లేదు. ఇది అదే తిత్తి.

చెప్పాను. దస్తగిరి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏడ్చాడేమో, నేను అటు చూడలేదు.

తర్వాత అసలు ప్రశ్న అడిగాను. "దస్తగిరన్నా, దీనికి మడ్డి ఆయిలు పూసింది ఎవరు?"

ఆయన చేతులు దించాడు. తిత్తి కింద గుడ్డ సర్దాడు. నేను ఊరుకునే దాన్ని కాదు. "నా మిషను అబద్ధం చెప్పదు. బండి ఆయిలు ఉంది దీంట్లో. మీరు పూశారా?"

"పూసింది నేనే. తెచ్చింది నేను కాదు."

అప్పుడు చెప్పాడు ఆ ఊరి ఆచారం. పీర్లను ఎత్తే ముందురోజు ఒక ఇత్తడి చెంబుకు గుడ్డ కట్టి ముజావరు ఇల్లిల్లూ తిరుగుతాడు. గుడ్డ కింద చెయ్యి పెట్టి ఎవరింట్లో ఉన్న నూనె వాళ్ళు పోస్తారు. ఎవరు ఎంత పోశారు, ఏం పోశారు ముజావరు చూడకూడదు, అడగకూడదు. ఉన్నవాడూ లేనివాడూ ఒకటే అని. చెంబు నిండాక ఆ నూనెంతా తిత్తికి పూయాలి. ఒక్క చుక్క పారేయకూడదు. తాతల కాలంలో అందరి ఇళ్ళల్లో ఆముదమే. తర్వాత చెనక్కాయ నూనె. ఆ తర్వాత ప్యాకెట్టు.

"వరసగా పంటలు పోయినాయి కదా మేడమ్, ఆ ఏండ్లలో ఇండ్లల్లో తాలింపుకే లేదు. నేను చెంబు పట్టుకోని వాకిట్లో నిలబడితే లేదని ఎట్ల చెప్తారు? పోసినారు. ఏదో పోసినారు. సప్పుడు వినపడల్ల కదా." ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. "ఇంటికొచ్చి గుడ్డ తీస్తే వాసన తెలిసిపాయె. సగం నీళ్ళు. సగం బండి వాసన. మా ఇంటామె పారబోయమనింది. ఎట్ల పారబోసేది? లేనోడు పోసింది అది."

"తెలిసి పూశారా!"

"తెలిసే పూసినా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మరి దొంగ అని ఇన్నాళ్ళూ తిడుతుంటే నోరు మూసుకుని కూర్చున్నారేం? రేపు పంచాయతీలో నేను చెబుతాను. మీరు అమ్మలేదు, మార్చలేదు, పాడుచేసింది ఊరే అని."

దస్తగిరి నా కాళ్ళ వైపు చెయ్యి చాపాడు. నేను అదిరిపడి వెనక్కి జరిగాను. "వద్దు మేడమ్. పాతదని చెప్పు, చాలు. నూనె మాట ఎత్తొద్దు. ఎత్తినావంటే రేపు మొదులు ఎవురు పోసినారు, ఎవురు పోసినారు అని ఒకరి మొకాలు ఒకరు చూసుకుంటారు. లేనోళ్ళ ఇండ్ల మీద పడతాది. గుడ్డ కట్టింది దానికే కదా."

వాదించాను. లోపల్నుంచి ఉసేనమ్మ కూడా వాదించింది, నాకంటే గట్టిగానే. "నీకేం, నువ్వు సామి మాదిరి కూచుంటావు. బయట మాటలు పడేది నేను," అని ఏడ్చింది. ఆయన మాట మార్చలేదు. చివరికి నేనే మాట ఇచ్చాను. ఇచ్చినందుకు ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ పోలేదు.

రచ్చకట్ట దగ్గర

మరునాడు పొద్దున పంచాయతీ. పెద్దమనిషి నారాయణప్ప. ఊళ్ళో మొదటి ట్రాక్టరు ఆయనదే. మొదట్నుంచీ దస్తగిరిని అనుమానించింది కూడా ఆయనే. మొహం మీద మాట్లాడే మనిషి.

"చెప్పు తల్లీ, అసలుదా దొంగదా?"

నిలబడి చెప్పాను. తోలు మేకది. తంగేడు చెక్కతో పదును చేసింది. మీ తాతలు ఆముదం పూసేవారు కదా, ఆ ఆముదం ఈ తోలు మధ్య దాకా దిగి ఉంది. కొత్త తిత్తి తెచ్చి పెడితే అది రాదు. ఇది మీ తిత్తే. ఎవరూ అమ్మలేదు, ఎవరూ మార్చలేదు.

జనంలో గుసగుస లేచింది. ఒక ముసలామె "సామీ!" అని చెంపలేసుకుంది. దస్తగిరి తలెత్తి చూశాడు. ఆ కాస్తసేపు నా సెలవుకు, నా ఖర్చుకు, మోకాళ్ళ నొప్పికి అన్నిటికీ సరిపోయిందనుకున్నాను.

"సరే, ఒప్పుకున్నాం," అన్నాడు నారాయణప్ప. "మరి నల్లగా యాలయింది? రాయి మాదిరి యాల బిగుసుకుపాయె? అది కూడా నీ మిషను చెప్తాది కదా?"

నేను నోరు తెరిచాను. ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు. నాకంటే ముందు దస్తగిరి లేచాడు.

"ట్రాక్టరు ఆయిలు పూసినానప్పా. మెత్తబడతాదని. తెలివిలేక నేనే పూసినా."

నారాయణప్ప నేల చూశాడు. మల్లేశు తన ఆటో దగ్గర నిలబడి హ్యాండిలు తుడుస్తున్నాడు. గంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరో ఒకరు లేస్తారనుకున్నాను. ఒక్కరైనా.

కాసేపటికి నారాయణప్పే తీర్పు చెప్పాడు, గొంతు తగ్గించి. దస్తగిరి దొంగ కాడు. కానీ సామి వస్తువును చేతులారా చెడగొట్టినాడు కాబట్టి చావిడి తాళం ఇంక పక్క ఊళ్ళో ఉన్న వాళ్ళ చిన్నాయన కొడుక్కి పోతుంది. దస్తగిరి నడుముకు కట్టుకున్న తాళంచెవి విప్పి కట్ట మీద పెట్టాడు. ముడి గట్టిగా ఉందేమో, చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం చేయలేదు.

"ఇంక దీన్ని ఎట్ల చూసుకోవల్లమ్మా?" అని నన్నడిగారు. ఏ ప్రశ్నకు జవాబు వస్తే అదే గట్టిగా చెప్పే అలవాటు నాది. ఇకమీద దీనికి ఏ నూనే పెట్టకండి, ఆముదం కూడా వద్దు, పొడిగుడ్డలో చుట్టి గాలి తగిలేచోట పడుకోబెట్టండి అన్నాను. కాగితం మీద రాసివ్వమన్నారు. రాసిచ్చి సంతకం పెట్టాను.

కళ్యాణదుర్గం రోడ్డు

వెళ్ళేముందు గంగమ్మ హోటలు దగ్గర ఆగాను. ఆమె నన్ను పొయ్యి వెనక్కి పిలిచింది. "అమ్మా, ఒక మాట. మడ్డి ఆయిలుకు గాదేమో. ఆ ఏడు నేను బజ్జీలు కాల్చిన మాడు నూనె పోసినా. మూడు దినాల నూనె. దానికే బిగుసుకుపోయిండాది కదా? నిజం చెప్పు." కళ్ళనిండా నీళ్ళు. "ఎవురికీ చెప్పొద్దమ్మా," అని చేతులు పట్టుకుంది. సరేనన్నాను.

ఆటోలో సగం దూరం పోయాం. మల్లేశు బండి పక్కకు ఆపాడు. ముందుకు చూస్తూనే అన్నాడు. "మా నాయన బెంగుళూరుకు కూలికి పోయినాడు ఆ యేడు. ఇంట్లో ఏం లేదు. ఆటో కింద పట్టిన ఆయిలు ఒక గలాసు పోసినా మేడమ్. నేనొక్కన్నే. నా వల్లనే పాయె దస్తగిరన్న తాళం."

"నువ్వొక్కడివే కాదు," అని నోటిదాకా వచ్చింది. గంగమ్మకిచ్చిన మాట అడ్డం పడింది. "పోయి ఆయనతో చెప్పు," అన్నాను. మల్లేశు బండి స్టార్టు చేశాడు.

రోడ్డు మీద బస్సు కోసం నిలబడితే ఎండలో మోటారు సైకిలు వచ్చి ఆగింది. నారాయణప్ప. దిగి, తలపాగా విప్పి, మొహం తుడుచుకుని, మళ్ళీ చుట్టుకున్నాడు. నాకు అర్థమైపోయింది.

"మీరు కూడానా?" అన్నాను.

ఆ "కూడా"ని ఆయన పట్టించుకోలేదు. "పంట పాయె, బోర్లు పాయె, ఎద్దుల్ని అమ్మినా. ఊర్లో పెద్దోన్ని. చెంబు మొదులు మా వాకిట్లోకే వస్తాది. ట్రాక్టరుది పోసినా, రెండేండ్లు. వాడు నేను పోసింది కనిపెట్టి, నా మీద కోపంతో తిత్తిని మార్చేసినాడేమో అనుకున్నా ఇన్ని దినాలు. ఈ పొద్దు వాడు లేచి నేనే అన్నాడు."

"తెలిసి కూడా తాళం తీసుకున్నారు కదా!" గట్టిగానే అరిచాను. రోడ్డు మీద పోతున్న గొర్రెలాయన తిరిగి చూశాడు.

"అంతమంది ముందర ఏమని చెప్పేది తల్లీ?"

"ఇప్పుడు వెళ్ళి చెప్పండి. ఆయనొక్కడికే చెప్పండి."

"చెప్పకూడదమ్మా," అన్నాడు నారాయణప్ప. "పోసినోడు చెప్పకూడదు, పట్టుకున్నోడు అడగకూడదు. అది పద్ధతి." నిజంగానే అలా నమ్ముతున్నాడో, దాని వెనక దాక్కుంటున్నాడో ఆయన మొహం చూస్తే తెలియలేదు. బస్సు వచ్చింది. నా సంచి ఆయనే ఎత్తి లోపల పెట్టాడు.

కళ్యాణదుర్గం బస్టాండులో అనంతపురం బస్సు కోసం కూర్చుని, ఇంకా ఎందరు నా కోసం రోడ్డు మీదికి రాబోయి, నేను బస్సెక్కేశానని వెనక్కి పోయారో అనుకున్నాను. ప్రతివాడూ పోసింది తానొక్కడే అనుకుంటున్నాడు. ఒకరి సంగతి ఇంకొకరికి తెలిస్తే ఆ ఊరి బరువు కాస్త తగ్గేది. అది చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే, నన్నేమో మాట ఇచ్చేలా చేసి పంపారు. పక్కన ఒకామె చెనక్కాయలు ఉడకబెట్టి అమ్ముతోంది. కొన్నాను, తినబుద్ధి కాలేదు.

హైదరాబాదు

పండగ అయిపోయాక దస్తగిరి ఖాజాకు ఫోను చేసి నాతో మాట్లాడాడు. నేను అన్నీ చెప్పేశాను, పేర్లు లేకుండా. ఒక్కరు కాదు, చాలామంది అని. వాళ్ళే వచ్చి చెప్పారని. ఆయన ఆశ్చర్యపోలేదు. "తెలుసు మేడమ్. వాసన చూసినోన్ని," అన్నాడు. ఈ సంగతి రాయవచ్చా అని అడిగితే, పేర్లు లేకుండా రాసుకొమ్మన్నాడు.

కొత్త ముజావరు పండగ బాగానే చేశాడట. తిత్తిని నేను రాసిచ్చినట్టే పొడిగుడ్డలో పెట్టారట. నా కాగితాన్ని అద్దం కట్టించి చావిడి గోడకు తగిలించారట.

"మరి నూనె చెంబు?" అన్నాను.

"నువ్వే వద్దన్నావు కదమ్మా. ఈ యేడు చెంబు తిరగలేదు." ఫోనులో వెనక మేకలు అరుస్తున్నాయి. "ఈసారి అందరిండ్లల్లో మంచి నూనె ఉండె మేడమ్. ఆముదం కూడా పట్టించి పెట్టుకున్నారు, ఒగరికి తెలీకుండా ఒగరు. చెంబు వస్తాదని వాకిండ్లలో నిలబడి చూసినారంట. ఎవురూ రాలే."